మనవాడికి కెపాసిటీ ఎక్కువట!

(పల్లెలో యువకుల కోసం, తల్లిదండ్రుల కోసం జరిగిన సాయంకాలపు మీటింగులో ఒక స్కూలు మాష్టారు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడగొట్టకుండా అచ్చు వేస్తున్నాం. - సం.)



తాగుడు మీద మీటింగంటే సగం మంది రారు. వచ్చినవాళ్ళలో సగం మంది 'మాష్టారు మళ్ళీ నీతులు మొదలెడతాడు' అనుకుంటూ కూర్చుంటారు. నేనివాళ నీతులు చెప్పటానికి రాలేదు. తాగుడు వల్ల సంసారం ఎట్లా గుల్లవుతుందో ఈ పల్లెలో ఏ ఆడమనిషికీ నేను చెప్పాల్సిన పని లేదు. ఆ పాఠం వాళ్ళే నాకు చెప్పగలరు. నేను మాట్లాడేది ఒక్క మాట గురించి. మనందరి నోళ్ళలో నానుతున్న మాట. 'కెపాసిటీ.'

'మావాడు క్వార్టరు కొట్టినా తూలడన్నా, వాడి కెపాసిటీయే వేరు!' పెళ్ళిలో వింటాం, దినంలో వింటాం, తిరునాళ్ళలో వింటాం. ఎవరి గురించి ఈ మాట? నలభై ఏళ్ళ మనిషి గురించి కాదు. పదహారేళ్ళవాడి గురించి, పదిహేడేళ్ళవాడి గురించి. మూతి మీద నూనూగు మీసం రాని పిల్లోడి గురించి. వాడి స్నేహితులు గొప్పగా చెప్తారు. వాడు రొమ్ము విరుచుకుంటాడు. తండ్రి పైకి తిడతాడు గానీ లోపల కాస్త మురుసుకుంటాడు. మనవాడు గట్టోడే అని.

గట్టోడు కాదు. ఇవాళ నేను చెప్పొచ్చింది ఇదే. తాగినా తూలకపోవటం, తెల్లారి తలపోటు రాకపోవటం, కక్కుకోకపోవటం - ఆ వయసులో ఇది బలం కాదు. ఆపే గంట ఇంకా మోగటం లేదని గుర్తు. ఎవరికి మందు 'బాగా పడుతుందో' వాడే అందరికంటే ముందు దానికి దొరికిపోతాడు. ఇది నా అభిప్రాయం కాదు. నలభై ఏళ్ళుగా ప్రయోగశాలల్లో తేలిన సంగతి. అది మన పల్లెకి ఎవరూ తెచ్చి చెప్పలేదు, అంతే.

ముందు ఒక చిన్న సంగతి చూద్దాం. మందు ఒంట్లోకి పోయాక రెండు పనులు చేస్తుంది. ఒకటి లాగుతుంది. హుషారు, మాట పెగలటం, భయం పోవటం, నలుగురిలో కలిసిపోవటం - ఇదంతా లాగే పని. రెండోది ఆపుతుంది. కడుపులో తిప్పటం, కాళ్ళు తేలిపోవటం, నిద్ర ముంచుకు రావటం, మర్నాడు తల పగిలిపోవటం, గుండె దడ - ఇదంతా ఆపే పని. బండి తోలేవాళ్ళకి తెలుసు, చేతిలో ముల్లుగర్రా ఉండాలి, పగ్గమూ ఉండాలి. మనిషి ఎంత తాగుతాడు, ఎక్కడ ఆగుతాడు, రేపు మళ్ళీ తాగుతాడా అన్నది ఈ రెంటి మధ్య లెక్క. మనం ఎప్పుడూ నిషా గురించే మాట్లాడతాం. నిజానికి చాలామందిని కాపాడేది ఆ రెండోదే. మొదటిసారి తాగి వాంతి చేసుకుని 'ఛీ, ఇంకెప్పుడూ ముట్టను' అన్నవాడు అదృష్టవంతుడు.

మరి ఈ రెండూ అన్ని వయసుల్లో ఒకే తీరున పనిచేస్తాయా? చెయ్యవు. కథంతా ఇక్కడే ఉంది.

పిల్లలకి మందు పోసి పరీక్షలు చెయ్యటం నేరం, చెయ్యకూడదు కూడా. అందుకని శాస్త్రవేత్తలు ఎలుకల్ని తీసుకున్నారు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో బింగమ్టన్ అనే ఊళ్ళో విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ లిండా స్పియర్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవాళ్ళు కొన్ని దశాబ్దాలు ఇదే పని మీద కూర్చున్నారు. ఎలుక పుట్టిన నాలుగు వారాల నుంచి ఆరు వారాల దాకా దాని ఎదిగే వయసు. మన పిల్లల పన్నెండు, పద్దెనిమిది మధ్య కాలం అనుకోండి. ఆ ఎదిగే ఎలుకల్ని, పెద్ద ఎలుకల్ని పక్కపక్కన పెట్టి చూశారు. నాలుగు పరీక్షలు చెప్తాను, జాగ్రత్తగా వినండి.

మొదటిది నిద్ర పరీక్ష. రెండు వయసుల ఎలుకలకీ ఒంటి తూకాన్ని బట్టి ఒకే కొలతలో ఆల్కహాల్ ఇచ్చారు, మత్తులో పడిపోయేంత. వెల్లకిలా పడుకోబెడితే తిరిగి లేవలేని స్థితి అది. ఎదిగే ఎలుక ముందు లేచింది. పెద్ద ఎలుక చాలాసేపు అట్లాగే పడి ఉంది. ఇక్కడ మీకో అనుమానం రావాలి. చిన్నదాని ఒంట్లో మందు తొందరగా అరిగిపోయిందేమో? అదీ చూశారు. లేచిన క్షణాన మెదడులో ఆల్కహాల్ ఎంతుందో కొలిచారు. చిన్నదానిలోనే ఎక్కువ ఉంది! అంటే మందు పోలేదు, ఉంది. ఉన్నా ఆ మెదడుకి నిద్ర రావటం లేదు. 1998లో అచ్చయిన ఫలితం ఇది.

రెండోది రుచి పరీక్ష. ఎలుకకి ఇష్టమైన కొత్త రుచి నీళ్ళు తాగించి, వెంటనే ఆల్కహాల్ ఎక్కించారు. ఒళ్ళు చెడితే అది ఆ రుచిని గుర్తు పెట్టుకుని మళ్ళీ ముట్టదు. మనం ఒకసారి వాంతి అయిన కూర జోలికి మళ్ళీ పోం చూడండి, అట్లా. పెద్ద ఎలుక కొద్ది మోతాదుకే ఆ రుచిని వదిలేసింది. ఎదిగే ఎలుక అంత మోతాదుకి వదల్లేదు. దానికి ఏవగింపు పుట్టాలంటే ఇంకా ఎక్కువ ఎక్కించాల్సి వచ్చింది.

మూడోది తెల్లారి పరీక్ష. బాగా తాగించి, మర్నాడు మందంతా దిగిపోయాక చూశారు. పెద్ద ఎలుక మూలకి పోయి కూర్చుంది. బెదురు. పక్క ఎలుకని దగ్గరికి రానివ్వలేదు. ఎదిగే ఎలుకకి ఆ బాధ కనపడలేదు. పైగా మామూలు కంటే ఎక్కువ ఆటకి దిగింది.

ఈ మూడూ ఆపే వైపు. ఇక నాలుగోది లాగే వైపు. కొద్ది మోతాదు ఇచ్చి తెలిసిన బోనులో తోటి ఎలుకతో వదిలితే, ఎదిగే ఎలుకలు రెట్టించిన హుషారుతో ఒకదాని మీద ఒకటి పడి ఆడాయి. పెద్దవాటిలో ఆ ఊపు రాలేదు. అంటే ఆ వయసులో పగ్గం వదులుగా ఉంది, ముల్లుగర్ర పదునుగా ఉంది. ఫలితం ఏమిటి? స్వేచ్ఛగా తాగనిస్తే, ఒంటి తూకం లెక్కన పెద్దవాటికంటే రెండు మూడు రెట్లు తాగాయి.

ఇప్పుడు మన కుర్రాడిని గుర్తు తెచ్చుకోండి. నలుగురు స్నేహితులు, చెరువు కట్ట, చీకటి, రెండు సీసాలు. వాడు ఒక్కడే ఇంట్లో కూర్చుని తాగడు. వాడికి కావాల్సింది మందు కాదు, ఆ నలుగురు. ఆ వయసు మెదడుకి తోటివాళ్ళ మెప్పే తిండి. మందు సరిగ్గా ఆ ఆకలినే తీర్చినట్టు నటిస్తుంది. నాన్న పక్కన కూర్చుని తాగితే మూడో గ్లాసుకి నాన్న ఒరిగిపోతాడు. వీడు నిటారుగా ఉంటాడు. ఇంకేం, కెపాసిటీ!

నేను మాష్టార్ని కాబట్టి ఇప్పుడు నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సంగతి చెప్తాను. ఆ వయసు మెదడు మందుకి అన్ని విషయాల్లోనూ గట్టిగా నిలబడదు. ఒక్క విషయంలో మాత్రం పెద్దవాళ్ళ కంటే చాలా మెత్తన. అది జ్ఞాపకం. అమెరికాలోనే డ్యూక్ విశ్వవిద్యాలయంలో స్వార్జ్‌వెల్డర్ అనే ఆయన బృందం ఇదే చూసింది. నీళ్ళ తొట్టిలో కనపడకుండా ఒక మెట్టు పెట్టి, దాని జాగా ఎలుకలు నేర్చుకుని గుర్తు పెట్టుకుంటాయా అని పరీక్షించారు. పెద్ద ఎలుకల్ని పెద్దగా చెడగొట్టని మోతాదు, ఎదిగే ఎలుకల నేర్పుని చెడగొట్టింది. కొత్త సంగతుల్ని మనసులో నిలబెట్టే భాగం మెదడులో ఒకటుంది, హిప్పోకాంపస్ అంటారు. ఎదిగే వయసులో ఆల్కహాల్ దాన్ని గట్టిగా కొడుతుంది.

అర్థమైందా అమ్మా? వాడి కాళ్ళు తూలవు. నాలుక తడబడదు. తల నొప్పి రాదు. బయటికి ఏమీ కనపడదు. లోపల మాత్రం నిన్న చదివిన పాఠం తుడిచిపెట్టుకు పోతుంది. తూలితే మీకు తెలుస్తుంది, తంతారు. పాఠం పోతే ఎవరికి తెలుస్తుంది? పరీక్షకి తెలుస్తుంది. అప్పుడు 'వీడికి చదువు అబ్బదు' అంటాం. మా క్లాసులో కూడా ఆ మాట ఎంత సులువుగా అనేస్తారో నాకు తెలుసు. మన పిల్లల గురించైతే ఇంకా సులువుగా అంటారు.

ఎందుకిట్లా? మందు మెదడులో చాలా తలుపులు తడుతుంది. గాబా అనే రసాయనం మెదడుని చల్లబరిచి జోకొడుతుంది, మందు దాని బలం పెంచుతుంది. డోపమిన్ అనే ఇంకో రసాయనం 'ఇది బాగుంది, మళ్ళీ కావాలి' అని చెప్తుంది, మందు దాన్నీ కదిలిస్తుంది. ఎదిగే వయసులో ఈ రెండు వ్యవస్థలూ ఒకే వేగంతో తయారు కావు. కావాలనే వైపు ముందు ముదురుతుంది. ఆలోచించి ఆపే నుదుటి వైపు మెదడు ఇరవై ఏళ్ళు దాటి, పాతికేళ్ళ దాకా తయారవుతూనే ఉంటుంది. ఇది మన పిల్లల తప్పు కాదు. ఏ బిడ్డైనా ఇల్లు దాటి లోకం చూడాలంటే ఆ దూకుడు ఉండాల్సిందే. ఆ దూకుడు వల్లే మన అమ్మాయి గురుకులానికి పోయి ఇంగ్లీషులో మాట్లాడుతోంది. మన అబ్బాయి తెలియని ఊరికి రైలెక్కుతున్నాడు. ఆ దూకుడు మీద వ్యాపారం చేసేవాడిది తప్పు.

'మాష్టారూ, పెద్దయ్యాక పగ్గం బిగుసుకుంటుంది గదా, అప్పుడు వాడే ఆగుతాడు' అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. జవాబు మాత్రం మంచిది కాదు. ఎదిగే వయసులో పదే పదే తాగించిన ఎలుకల్ని పెద్దయ్యేదాకా పెంచి, అప్పుడు మళ్ళీ పరీక్షించారు. వయసుకి పెద్దవయ్యాయి గానీ, చాలా విషయాల్లో మందు దగ్గర కుర్ర ఎలుకల్లాగే ఉండిపోయాయి. ఏవగింపు సరిగ్గా పుట్టలేదు, మత్తు సరిగ్గా రాలేదు. అంటే పగ్గం పేనాల్సిన కాలంలో నారని తడిపి కుళ్ళబెట్టాం. ఇక ఎప్పుడు బిగుస్తుంది?

ఎలుకలు సరే, మనుషుల మాటేమిటి? ఎలుకలో కనపడ్డదంతా మనిషిలో అచ్చు అట్లాగే ఉంటుందని నేను అనను. కానీ మనుషుల్లో దొరికిన సాక్ష్యం కూడా అటే వేలు చూపిస్తోంది. 1983లో అమెరికాలో 8 నుంచి 15 ఏళ్ళ మగపిల్లలు కొద్దిమందికి డాక్టర్ల ముందు ఆల్కహాల్ ఇచ్చి చూశారు. ఇవాళ ఎవరూ అట్లాంటి పరీక్షకి ఒప్పుకోరు. పెద్దవాళ్ళకైతే నిషా కనపడే మోతాదుకి ఆ పిల్లల్లో పెద్ద మార్పేమీ కనపడలేదని రాశారు.

కాలిఫోర్నియాలో షుకిట్ అనే డాక్టరు ఇంకో పని చేశాడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఉన్న యువకులకి మందిచ్చి, ఎవరికి ఎంత ఎక్కిందో రాసి పెట్టుకున్నాడు. దాదాపు పదేళ్ళకి వెతికి పట్టుకున్నాడు. 1994లో ఫలితం అచ్చు వేశాడు. తాగుడుకి బానిసలైన తండ్రుల కొడుకుల్లో, ఆనాడు మందు తక్కువ ఎక్కినవాళ్ళు నూటికి 56 మంది తాగుడు జబ్బులో పడ్డారు. బాగా ఎక్కినవాళ్ళలో నూటికి 14 మంది. కెపాసిటీ ఉన్నవాడు నాలుగు రెట్లు మునిగాడన్నమాట. షికాగోలో ఆండ్రియా కింగ్ అనే ఆమె బృందం యువకుల్ని పదేళ్ళు వెంబడించింది. మందుతో హుషారు ఎక్కువ వచ్చేవాళ్ళే ఎక్కువగా బానిసలయ్యారని 2021లో తేల్చింది.

ఇంకో పెద్ద లెక్క. అమెరికాలో వేలమందిని అడిగి వేసి, 1997లో అచ్చయిన లెక్క. పదిహేనేళ్ళు నిండకముందే తాగటం మొదలెట్టినవాళ్ళలో నూటికి 40 మందికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బానిసలయ్యారు. ఇరవై దాటాక మొదలెట్టినవాళ్ళలో నూటికి 10 మంది. చిన్నప్పుడే తాగేవాడి ఇంట్లో వేరే కష్టాలు కూడా ఉండొచ్చు, నిజమే. మొత్తం నేరం వయసు మీదే వెయ్యలేం. కానీ ఒక్కో ఏడు వెనక్కి జరిపిన కొద్దీ ప్రమాదం తగ్గుతూ వచ్చిందనేది గుర్తు పెట్టుకోండి.

అది అమెరికా గదా అంటారా? మన దేశంలో గోవాకి రండి. అక్కడ మగవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. 1956-60 మధ్య పుట్టినవాళ్ళలో కుర్రతనంలోనే తాగుడు మొదలెట్టినవాళ్ళు నూటికి 20 మంది లోపే. 1981-85 మధ్య పుట్టినవాళ్ళలో నూటికి 74 మంది. ఒక్క తరంలో! అట్లా ముందు మొదలెట్టినవాళ్ళకే పెద్దయ్యాక తాగుడు జబ్బు, దెబ్బలు తగలటం, మనసు కుంగటం ఎక్కువగా కనపడ్డాయి.

ఇక్కడ పెద్దాయన ఒకరు మనసులో అనుకుంటున్నారు, ఆయన మొహంలో తెలుస్తోంది. 'నేను పన్నెండేళ్ళకే తాటిచెట్టు కింద కల్లు తాగాను, నాకేమైంది?' అని. పెద్దాయనా, లెక్క వేద్దాం. అప్పటి కల్లులో ఆల్కహాల్ నూటికి అయిదు పాళ్ళు అటూ ఇటూ. ఇవాళ పిల్లోడి జేబులో ఉన్న క్వార్టరు 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ నూటికి 42.8 పాళ్ళు. గుణించి చూస్తే ఆ ఒక్క చిన్న సీసా మీ కల్లు లీటరున్నరకి సమానం. మీరు లీటరున్నర తాగేలోపు కడుపు నిండి ఆగిపోయేవారు. వీడు ఆ సీసా నీళ్ళు కలిపి పావుగంటలో దించేస్తాడు. ఆపే గంట ఒంట్లో ఎట్లాగూ లేదు, కడుపు నిండటం అనే గంట కూడా ఇప్పుడు పోయింది.

ఇంకో మాట కూడా మీకే చెప్పాలి, పెద్దాయనా. 'నా వయసులో ఫుల్లు కొట్టినా చెక్కు చెదరలేదు' అని ఇప్పటికీ అదే కొలత పోసుకునేవాళ్ళున్నారు. అరవై దాటిన ఒంట్లో నీటి పాలు తగ్గుతుంది. మందు నీళ్ళలో కలిసేది. కాబట్టి అదే పెగ్గు ఇప్పుడు నెత్తుట్లో ఎక్కువ చిక్కగా ఉంటుంది. మెదడు కూడా తొందరగా మత్తుకి లొంగుతుంది, కాలు తొందరగా తడబడుతుంది. రాత్రి దొడ్లోకి పోతూ పడితే తుంటి ఎముక విరుగుతుంది. షుగరు మాత్ర వేసుకుని తాగితే కొన్ని మాత్రలతో షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. పక్కవాళ్ళు 'తాగి పడుకున్నాడులే' అని వదిలేస్తారు. నిద్రమాత్ర మీద తాగితే ఊపిరికే ముప్పు. చూడండి చిత్రం! కుర్రతనంలో గంట మోగదు, ముసలితనంలో గంట మోగినా పాత కెపాసిటీ గుర్తొచ్చి వినం. రెండు చోట్లా మోసం చేసేది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు మన ఉద్యమానికి సంబంధించిన సంగతికి వస్తాను. మనల్ని ఒక మాట అంటారు. 'వాళ్ళ పుట్టుకే అంత, తాగుడు వాళ్ళ రక్తంలోనే ఉంది.' బస్సులో అంటారు, ఆఫీసులో అంటారు, స్టాఫ్ రూముల్లో నా ముందే అన్నారు. స్కాలర్‌షిప్పుల మాట వచ్చినప్పుడు తప్పకుండా అంటారు.

ఆ ఎలుకల ప్రయోగం ఈ మాటకి మంచి జవాబు. రెండు ఎలుకలూ ఒకే జాతి. ఒకే తిండి, ఒకే బోను. తేడా వయసొక్కటే. ఎలుకలకి కులం లేదు. పదహారేళ్ళ మెదడు మేడలో ఉన్నా, గుడిసెలో ఉన్నా మందు ముందు ఒక్కటే. తాగుడు ప్రమాదంలో సుమారు సగం పాలు కుటుంబ వారసత్వం నుంచి వస్తుందని కవల పిల్లల మీద చేసిన పరిశోధనలు చెప్తున్నాయి. దాన్ని మనం దాచొద్దు. అందుకే తండ్రి తాగుడులో ఉన్న ఇంటి పిల్లోడు అందరికంటే జాగ్రత్తగా ఉండాలి. కానీ అది ఇంటింటి సంగతి. ప్రతి కులంలో అట్లాంటి ఇళ్ళున్నాయి. కులానికి అంటగట్టటానికి దాంట్లో ఏమీ లేదు.

లెక్క కావాలా? పక్కన తెలంగాణ తీసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో నూటికి 43 మంది తాగుతారు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ ఎస్సీలు నూటికి 15 మంది. మనవాళ్ళు ఒక్కరు కూడా మిగలకుండా అందరూ తాగారనుకుందాం. అయినా 15 మందే గదా! మిగిలిన 28 మంది ఎవరు బాబూ? అయిదో తరగతి పిల్లోడు చేసే తీసివేత ఇది. తాగేది అందరూ. పేరు మోసేది మనం.

మరి తేడా ఎక్కడుంది? పడ్డాక. కలిగినవాడి కొడుకు పడితే వెనక పరుపు ఉంటుంది. ఒక ఏడాది పోతే ఇంకో కాలేజీ, డబ్బు కట్టి వైద్యం, కేసైతే వకీలు. మన పిల్లోడు పడితే కింద నేల తప్ప ఏమీ లేదు. ఇంటర్ ఒక్క సబ్జెక్టు పోతే వాడు మేస్త్రీ వెనక ఇటుకలు మొయ్యటానికి పోతాడు. మళ్ళీ పుస్తకం పట్టడు. నేను మా ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ణి. ఆ ఒక్క కాగితం మా ఇంటి నడతనే ఎట్లా మార్చిందో నాకు తెలుసు. ఆ కాగితం చేతికొచ్చే పదిహేను, ఇరవై రెండేళ్ళ మధ్యే ఈ మందుకి కూడా వేట కాలం. ఆ ఏళ్ళలో జ్ఞాపకాన్ని కొట్టేది మన దగ్గరికి వచ్చిందంటే మన ఆస్తి మీదే పడిందన్నమాట. మనకి వేరే ఆస్తి లేదు.

ఈ సంగతి అమ్మేవాడికి మనకంటే ముందే తెలుసు. సోడా పేరుతో, పాటల సీడీల పేరుతో వేసే ప్రకటనల్లో ముసలివాళ్ళు ఎందుకు కనపడరు? నలుగురు కుర్రాళ్ళు భుజాల మీద చేతులేసుకుని ఎందుకు నవ్వుతుంటారు? వాడు అమ్మేది స్నేహం. ఎలుకల బోనులో దొరికిన సత్యాన్ని వాడు ఎప్పుడో సొమ్ము చేసుకున్నాడు. బెల్టు షాపు సంగతి చూడండి. బడి దారిలో ఉంటుంది, పల్లె మొగలో ఉంటుంది, కిళ్ళీ కొట్టులో ఉంటుంది. వాడు వయసు అడగడు.

చట్టం మాత్రం అడుగుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాడికి మందు అమ్మకూడదు. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి మందు ఇస్తే ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 78వ సెక్షన్ ప్రకారం పిల్లల చేత మందు అమ్మించినా, మోయించినా అదే శిక్ష. ఈ రెండు అంకెలూ గోడ మీద రాసుకోండి. 77, 78.

ఆడవాళ్ళు తల్చుకుంటే ఏమవుతుందో మనం పుస్తకాల్లో చదువుకోనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. నిషేధం పోయింది గానీ ఆ పాఠం పోలేదు. వాళ్ళు కొత్తగా నేర్చిన అక్షరాన్ని పట్టుకుని ప్రశ్నించారు. మనం కొత్తగా తెలిసిన ఈ శాస్త్రాన్ని పట్టుకుని ప్రశ్నిద్దాం.

చెయ్యాల్సినవి చెప్తాను. పెద్ద పెద్దవి కావు, రేపటి నుంచి చెయ్యగలిగినవే.

ఒకటి. పిల్లోణ్ణి బెల్టు షాపుకి పంపొద్దు. 'ఒరే, పోయి ఒక క్వార్టరు పట్రా' అనే మాట ఏ తండ్రి నోటా రాకూడదు. దారి మనమే చూపించి, తర్వాత ఆ దారిన పోయాడని తన్నటం న్యాయం కాదు.

రెండు. పెళ్ళిలో, దినంలో, పండగలో 'ఒక్క గుక్క పర్లేదులే' అని పిల్లల నోట్లో పొయ్యొద్దు. పెద్దల ముందు రుచి చూస్తే అదుపులో ఉంటాడనేది భ్రమ.

మూడు. ఎవడన్నా కెపాసిటీ అంటే అక్కడికక్కడే అడగండి. 'గంట మోగటం లేదా తమ్ముడూ?' అని. నలుగురూ నవ్వాలి. మెప్పు కోసం తాగేవాడికి మెప్పు ఆగిపోతే సగం పని అయినట్టే.

నాలుగు. వాడికి ఆ నలుగురు స్నేహితులు కావాలి. దాన్ని కాదనలేం. చెరువు కట్ట మీద కాకుండా వాలీబాల్ కోర్టు దగ్గర, డప్పు దగ్గర, సాయంత్రం చదువుల దగ్గర ఆ నలుగురూ దొరకాలి. లైటు పెట్టించి, నెట్టు కట్టించే పని యువజన సంఘానిది. మా చదువుల దగ్గర కూర్చోవటానికి నేను వస్తాను, నాతోపాటు ఇంకో ఇద్దరు టీచర్లు వస్తామన్నారు.

అయిదు. ఇప్పటికే మునిగినవాళ్ళని వెలివెయ్యొద్దు. అది జబ్బు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ఇంట్లో కట్టేసి మాన్పించే పనులు చెయ్యొద్దు, సర్కారు ఆసుపత్రికి తీసుకుపోండి. మత్తు మాన్పించే సలహాకి 14446 నంబరుకి ఫోను చెయ్యొచ్చు, డబ్బు పడదు.

తమ్ముళ్ళూ, ఆఖరిగా మీకే. ఇప్పటికే ఒకటి రెండుసార్లు తాగినవాళ్ళు మీలో ఉన్నారు. మిమ్మల్ని నిలబెట్టి పేర్లు అడగటానికి నేను రాలేదు. మీకు తల తిరగలేదని, వాంతి రాలేదని మీరు సంతోషపడి ఉంటారు. ఆ సంతోషాన్ని ఇవాళ్టి నుంచి అనుమానించండి. ఇరవై ఒకటి దాకా ముట్టను అని ఒక్క మాట అనుకోండి. ఆ తర్వాత కూడా ముట్టకపోతే ఇంకా మంచిది, ఎందుకంటే ఒంటికి హాని చెయ్యని మోతాదంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. కానీ నేను ఇవాళ అడుగుతున్నది ముందు ఆ అయిదారేళ్ళు. అవి మీ చదువు ఏళ్ళు. వాటిని ఎవడికీ ఇవ్వకండి.

వచ్చే ఆదివారం బెల్టు షాపు మీద ఎక్సైజ్ స్టేషన్లో ఇవ్వాల్సిన అర్జీ రాద్దాం. అమ్మలు వేలిముద్ర కాకుండా సంతకం పెట్టాలి. రానివాళ్ళకి ఈ నాలుగు రోజుల్లో మా అమ్మాయిలు నేర్పుతారు.

జై భీమ్.